పిన్ను పడ్డ చప్పుడు వినండి
పాత కారు బాడీని తిప్పే స్టాండు సొంతంగా కట్టుకునేవారికి చేయవలసినవి - చేయకూడనివి

హోటలు ముందు గాజుపెట్టెలో ఇనుప చువ్వకు గుచ్చిన కోడి నిదానంగా తిరుగుతుంటుంది, చూసే ఉంటారు. పాత కారు బాడీని కూడా అలాగే ముందూ వెనకా పట్టుకుని తిప్పే స్టాండు ఒకటుంది. కోడిని తిప్పేదానికున్న పేరే దానికీ పెట్టారు: రొటిస్సరీ. అడుగు రేకులు తుప్పు తిన్న కారు కింద వెల్లకిలా పడుకుని, మొహాన నిప్పురవ్వలు పోసుకుంటూ వెల్డింగ్ చేసే అవస్థ దీనితో తప్పుతుంది. బాడీని పక్కకు తిప్పితే గోడకు సున్నం వేసినంత సుఖంగా నిలబడి పని చేసుకోవచ్చు.

వినుకొండలాంటి ఊళ్లో దీన్ని కట్టడం కష్టమేమీ కాదు. ట్రాక్టరు ట్రక్కులు కట్టే చేతులు ఇక్కడున్నాయి. యాంగ్లరు, ఛానలు, లేతు పని, గ్యాస్ కటింగ్ ఇవేవీ వాళ్లకు కొత్త కావు. కాకపోతే ట్రక్కు బరువు మోస్తుందే గాని తలకిందులు కాదు. ఈ స్టాండు మోసే బరువు పొర్లుతుంది, అది పొర్లే చోటే మనిషి తల ఉంటుంది. ఇక్కడి షెడ్డుల్లో తరచు వినిపించే 'ఏం కాదులే అన్నా' అనే మాట ఈ ఒక్క పనికి పనికిరాదు. దీనికి సూత్రం ఒకటే: తిప్పే ఏర్పాటుకన్నా ముందు ఆపే ఏర్పాటు చేసుకోవాలి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దాని కొమ్మలే.

1. మీ కారుకు ఇది అవసరమా?

అంబాసిడర్‌కూ, 1970లలో పద్మిని పేరు పెట్టుకున్న పాత ఫియట్‌కూ విడిగా చాసిస్ ఉండదు. రేకుల పెట్టే వాటి అస్థిపంజరం. అడుగు రేకు, తలుపుల కింద పొడుగునా సాగే పెట్టె భాగం తుప్పు పడితే కారు నడుమే బలహీనపడ్డట్టు. తిప్పుడు స్టాండు అసలు ఉపయోగం ఇలాంటి కార్లకే. పాత జీపు దారి వేరు. బాడీ బోల్టులు విప్పితే తొట్టి ఒక పక్కకు, చాసిస్ ఒక పక్కకు వచ్చేస్తాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ కాలంనాటి బళ్లదీ విడి చాసిస్ పద్ధతే.

చేయవలసినవి
- మీ కారు ఏ రకమో ముందు తేల్చుకోండి. విడి చాసిస్ బండి తొట్టికి నాలుగు కాళ్ల బల్లలు చాలవచ్చు.
- చాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో వెతికి, ఫోటో తీసి, ఆ భాగం మీద గుడ్డ కట్టి ఉంచండి.

చేయకూడనివి
- నంబరున్న రేకును కోయకండి, గ్రైండరు తగలనివ్వకండి. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధనలు చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే వర్తిస్తాయి. నంబరు పోతే బండి ఎంత ముద్దొచ్చినా కాగితాల్లో అనాథే.

2. నేల చూసుకోండి

స్టాండు ఎంత గట్టిగా కట్టినా కింద నేల మోసం చేస్తే అంతే సంగతులు. మన చుట్టూ ఉన్నది నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బి మెత్తబడుతుంది. చాలా ఇళ్ల ముందూ షెడ్డుల్లోనూ పరిచింది నాపరాయి. మంచం కోడు మోస్తుంది కదా అని స్టాండు చక్రాన్నీ మోస్తుందనుకోకూడదు. బరువంతా రూపాయి బిళ్లంత చోట పడితే, కింద బోలుగా ఉన్న రాయి పటుక్కుమంటుంది.

చేయవలసినవి
- ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు గచ్చు మీదే స్టాండు నిలపండి. రసమట్టం పెట్టి నాలుగు మూలలా చూడండి.
- బాడీ తిరిగేటప్పుడు ఎంత దూరం చుట్టి వస్తుందో ముందే కొలవండి. అంబాసిడర్ వెడల్పు సుమారు 1.66 మీటర్లు, పద్మినిది సుమారు 1.46 మీటర్లు. తిరిగే షాఫ్టు నుంచి బాడీ చిట్టచివరి మూల దాకా తాడు లాగండి. ఆ తాడు పొడవుకు జానెడు కలిపితే, షాఫ్టు నేల నుంచి కనీసం ఉండాల్సిన ఎత్తు వస్తుంది.
- ఆ వలయం అవతల మరో రెండు అడుగులు వదిలి, గచ్చు మీద రంగుతో గీత గీయండి. బాడీ తిరిగేటప్పుడు గీత లోపల ఎవరూ ఉండకూడదు.

చేయకూడనివి
- నాపరాళ్ల పరుపు మీద, మట్టి మీద, వాలు మీద నిలపకండి. రాయి కింద పెచ్చు దోపి ఎత్తు సరిచేయడం అసలే వద్దు.
- చక్రాలున్నాయి కదా అని బాడీ ఎక్కించిన స్టాండును వీధిలోకి తోయకండి. ఆ చక్రాలు షెడ్డులో అంగుళాల లెక్కన జరుపుకోవడానికే. పని చేసేటప్పుడు బరువు చక్రాల మీద కాకుండా స్క్రూ కాళ్ల మీద ఉండాలి.

3. ఇనుము, షాఫ్టు, అతుకు

స్టాండంటే ముందొకటి, వెనకొకటి రెండు నిలువు స్తంభాలు. ఒక్కోదానికి వెడల్పాటి పాదం, పైన తిరిగే షాఫ్టు, దాని చివర బాడీని పట్టుకునే చేతులు. రెంటినీ కింద కలిపే పొడవైన గొట్టం ఒకటి. అందరూ దాటవేసేది ఆ చివరిదాన్నే. అది లేకపోతే బాడీ తిప్పినప్పుడల్లా స్తంభాలు వెంట్రుకవాసి చొప్పున దూరం జరుగుతాయి, ఒకనాడు బాడీ మధ్యలోంచి జారుతుంది.

చేయవలసినవి
- బరువు ఊహించకండి, తూయండి. పత్తి, మిర్చి లారీలు తూచే వేబ్రిడ్జి మన ఊళ్లలో ఉండనే ఉంటుంది. ఖాళీ ట్రక్కును ఒకసారి, బాడీ ఎక్కించి ఒకసారి తూస్తే లెక్క చేతికొస్తుంది.
- నీళ్ల పైపు వాడేటట్లయితే దాని మీది పట్టీ రంగు చూడండి. పసుపు పల్చనిది, నీలం మధ్యరకం, ఎరుపు మందమైనది. ఎరుపుకు తక్కువ వద్దు. దానికన్నా చదరపు ఇనుప గొట్టం మేలు.
- షాఫ్టు గట్టి కడ్డీయే కావాలి. పాత ట్రక్కు హబ్బును బేరింగులతో సహా వాడుకోవచ్చు, కాని విప్పి, కడిగి, పగుళ్లు చూశాకే. షాఫ్టు ముందుకు జారి ఊడిరాకుండా వెనక కాలరు, దానికి అడ్డంగా స్ప్లిట్ పిన్ను ఉండాలి.
- బాడీని పట్టే బోల్టుల తల మీద 8.8 అని కొట్టి ఉందో లేదో చూడండి. ఒక్కో కొసకు నాలుగు బోల్టులైనా పడాలి, వెనక మందమైన ప్లేటు ఉండాలి.
- షాఫ్టుకు, దానితో పాటే తిరిగే ఆపే పలక ఒకటి బిగించండి. చుట్టూ 30 డిగ్రీలకొకటి చొప్పున 12 రంధ్రాలు వేసి, స్తంభంలోంచి వాటిలోకి గట్టి పిన్ను దిగేలా చేయండి. ఈ ఏర్పాటు రెండు కొసల్లోనూ ఉండాలి. ఒక కొసనే ఆపితే రెండో కొస తిరగబోయి, తుప్పు తిన్న బాడీ తడిబట్టలా మెలిపడుతుంది.

చేయకూడనివి
- జింకు పూత ఉన్న పైపును అలాగే వెల్డింగ్ చేయకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది. అతుకు దగ్గర పూత గీకేసి, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చేయండి. పాలు తాగితే పొగ విరిగిపోతుందని, బెల్లం తింటే దుమ్ము కడుక్కుపోతుందని అంటారు. పాలూ బెల్లమూ వెళ్లేది కడుపులోకి, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి.
- బోల్టు బిగించి రాపిడితో ఆపే పద్ధతిని నమ్మకండి. బిగుతు సడలుతుంది, పిన్ను సడలదు.
- టాకాలు మాత్రమే వేసి, పూర్తిగా అతకని స్టాండు మీద 'ఒకసారి పెట్టి చూద్దాం' అని బాడీని ఎక్కించకండి.

4. బాడీ కన్నా ముందు బస్తాలు

సీత జాడ గురించి రాముడు విన్న చోటు కాబట్టి ఇది వినుకొండ అయిందని స్థలపురాణం. ఈ పనిలోనూ కంటికన్నా చెవి ముందు పసిగడుతుంది. బరువు పడ్డప్పుడు పచ్చి అతుకు 'టిక్కు'మంటుంది, బోల్టు కీచుమంటుంది.

చేయవలసినవి
- రెండు షాఫ్టుల మధ్య గర్డరు బిగించి, దానికి పలకలు వేలాడదీసి సిమెంటు బస్తాలు పేర్చండి. బస్తా 50 కిలోలు కాబట్టి లెక్క సులువు. బాడీ బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి. పలక నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. తెగినా జానెడే పడుతుంది.
- ఒక రాత్రి అలాగే వదిలి, పొద్దున్నే ప్రతి అతుకునూ టార్చి వేసి చూడండి.
- పిన్నునూ పరీక్షించండి. షాఫ్టుకు మీటరు పొడవు గొట్టం అడ్డంగా బిగించి, దాని చివర ఒక బస్తా వేలాడదీయండి. పిన్ను వంగితే, రంధ్రం సాగితే మళ్లీ చేయాల్సిందే.

చేయకూడనివి
- మనుషులు ఎక్కి ఊగి పరీక్షించకండి. బస్తా పడితే సిమెంటు పోతుంది, మనిషి పడితే ఇల్లు పోతుంది.

5. ఎక్కించేముందు కారును సిద్ధం చేయడం

చేయవలసినవి
- బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు, బ్రేకు ఆయిలు, గేరు ఆయిలు అన్నీ తీసేయండి. తలకిందులయ్యే బండిలో మిగిలిన ప్రతి చుక్కా మీ మీదికే కారుతుంది.
- కారు ఇంకా నాలుగు చక్రాల మీద ఉండగానే తలుపుల సందులు, గుమ్మాల మూలమట్టపు కొలతలు రాసిపెట్టుకోండి. ఆ తర్వాత తలుపు గుమ్మాల్లో అడ్డంగా, ఏటవాలుగా ఊతకడ్డీలు బిగించండి.
- స్టాండు పట్టుకునే చోట, అంటే బంపరు బిగించే భాగంలో, తుప్పుంటే ముందు నేల మీదే ఆ రేకు బాగు చేయండి.
- చైన్ పుల్లీ, బాడీ బరువుకు తగ్గ మూడు కాళ్ల ట్రైపాడ్, ఇద్దరు కాదు నలుగురు మనుషులు ఉండాలి. కేక వేసేవాడు మాత్రం ఒక్కడే ఉండాలి.

చేయకూడనివి
- ఖాళీ ట్యాంకే కదా అని దాని మీద వెల్డింగ్ పెట్టకండి. నిండు ట్యాంకుకన్నా ఖాళీదే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గచ్చు మీద పాకుతూ గుంటల్లో చేరుతుంది.
- వేపచెట్టు కొమ్మకో, రేకుల షెడ్డు పట్టీకో పుల్లీ తగిలించకండి. జేసీబీ తొట్టెతో ఎత్తించకండి. దాని మీట కొంచెం కదిలితే బాడీ అడుగు దూరం ఎగురుతుంది.
- రెండు పక్కల తలుపు కింది పెట్టెలనూ ఒకేసారి కోయకండి. ఒకటి కోసి, అతికి, చల్లారి, కొలత సరిపోయాకే రెండోది.

6. మొగ్గు చూడడం

ఎడ్లబండికి బరువెత్తిన రైతుకు ఇది చెప్పక్కర్లేదు. ముందు బరువైతే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక బరువైతే నొగలు పైకి లేస్తాయి. ఇరుసు మీద సరిగా తూగిన బండే నడుస్తుంది. కారు బాడీలో బరువంతా అడుగు రేకు వైపు, పైకప్పు తేలిక. అందుకే షాఫ్టు ఏ ఎత్తులో బాడీని గుచ్చుతుందన్నదే కీలకం.

లెక్క చూడండి. 300 కిలోల బాడీ, షాఫ్టు దాని అసలు తూకం నుంచి 5 సెంటీమీటర్లు తప్పిందనుకుందాం. మీటరు పొడవు చేతిపిడి మీద 15 కిలోల ఒత్తిడి వస్తుంది, పట్టుకోవచ్చు. 20 సెంటీమీటర్లు తప్పితే 60 కిలోలు. సిమెంటు బస్తాను మించిన బరువు విసురుగా చేతిని కొడుతుంది. మణికట్టు విరగడానికి అది చాలు.

చేయవలసినవి
- మొదట షాఫ్టును తూకానికి కాస్త పైనే పెట్టండి. అప్పుడు బాడీ నిటారుగానే ఉండాలని చూస్తుంది. తర్వాత కొంచెం కొంచెంగా కిందికి దించుతూ తూకం పట్టండి.
- మొదటిసారి తిప్పేటప్పుడు నాలుగు మూలలకూ తాళ్లు కట్టి, తలా ఒకటి పట్టుకోండి. వేలెడంత కదిలించి వదిలి, ఏ వైపు మొగ్గుతోందో చూడండి.
- తలుపు, డిక్కీ మూత, ఏదైనా కొత్త రేకు బిగించినా తీసినా మొగ్గు మారుతుంది. మళ్లీ చూడండి.

చేయకూడనివి
- షాఫ్టు తూకానికి కింద ఉండేలా బిగించకండి. ఆ బాడీ సందు దొరికితే బోర్లా పడాలనే చూస్తుంది.
- తిరగబడుతున్న బాడీని చేత్తో ఆపబోకండి. తాడు వదిలి వెనక్కి దూకండి. వంగిన రేకును మళ్లీ సరిచేసుకోవచ్చు.

7. తిప్పుతూ పని చేసేటప్పుడు

చేయవలసినవి
- తిప్పేముందు 'తిప్పుతున్నా' అని గట్టిగా అనండి. అవతలివాడు 'ఊ' అన్నాకే పిన్ను లాగండి.
- బాడీ లోపల సుత్తి, మరలు, గాజుముక్కలు లేకుండా ఊడ్చి తిప్పండి. పైకప్పులో మరిచిన సుత్తి తిరిగేసరికి నెత్తిన పడుతుంది.
- వెల్డింగ్ ఎర్త్ క్లాంపును బాడీకే, అతుకు వేసే చోటుకు దగ్గరగా తగిలించండి. స్టాండుకు తగిలిస్తే కరెంటు బేరింగు గుండా పోయి దాని గోళీలను తినేస్తుంది.
- గ్రైండరుకు గార్డు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. బిళ్ల మీద రాసిన వేగం అంతకు తక్కువ ఉండకూడదు.
- వెల్డింగ్ ఆపాక అరగంట అక్కడే ఉండండి. రేకుల మధ్య పాత తారు పూత లోలోపల రాజుకుంటుంది. పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు, ఇసుక బకెట్లు ఉండాలి.

చేయకూడనివి
- లుంగీ, తుండుగుడ్డ, ఉంగరం, మెడలో దండతో పని చేయకండి. నైలాను చొక్కా నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది.
- పాత రంగును పొడిగా గీకకండి, అందులో సీసం ఉండవచ్చు. నీళ్లు చల్లి గీకి, ఆ బురదను పోగుచేసి ఎత్తేయండి.
- ఏటి ఇసుకతో బ్లాస్టింగ్ చేయించకండి. నలిగిన సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది.
- గట్టిపరిచే ద్రావణం కలిపే కారు పెయింటును బట్ట మాస్కుతో స్ప్రే చేయకండి. అందులోని ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పిస్తాయి. బయటి గాలి గొట్టం ద్వారా అందే ముసుగున్న బూత్‌లో, పని తెలిసినవాళ్లకు అప్పగించండి.

8. మన ఎండ, మన కల్లాలు

చేయవలసినవి
- ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 6 నుంచి 10 లోపు పని ముగించండి. తల తిరిగితే పిన్ను వేసి, నీడకు వెళ్లి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగండి; చెమట ఆగితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.
- వెల్డింగ్ మిషనుకు విడి ఎర్తు, లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించండి.

చేయకూడనివి
- పత్తికట్టె మోపుల దగ్గర, దూది ఎగిరే జిన్నింగ్ మిల్లు పక్కన నిప్పురవ్వలు రేపకండి.
- పక్కన కల్లంలో మిరపకాయలు ఆరుతుంటే గాలివాటున గ్రైండింగ్ చేయకండి. ఆ రంగుపొడి ఎవరి కూరలో తేలుతుందో చెప్పలేం.
- థిన్నరు డబ్బాలు రేకుల షెడ్డులో ఉంచకండి.

9. జరగరానిది జరిగితే

- బాడీ కింద ఎవరైనా చిక్కితే లాగకండి. ముందు దుంగలు దోపి బరువు ఇంకా దిగకుండా ఆపి, 108కి ఫోను చేయండి. జాకీతో ఎత్తితే, ఎత్తిన ప్రతి అంగుళానికీ దుంగ దోపాలి. మంటలకు 101.
- కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార. పేస్టు, సిరా, పెరుగు పూయకండి.
- వెల్డింగ్ వెలుగు తగిలిన కన్ను కొన్ని గంటల తర్వాత, నడిరాత్రి, ఇసుక పోసినట్టు మండుతుంది. చనుబాలు, బంగాళదుంప ముక్కలు వద్దు, కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఇనుపరజను పడితే నలపకండి, అయస్కాంతంతో లాగబోకండి.

ఇవన్నీ గుర్తుండకపోయినా స్తంభం మీద రంగుతో ఒక్క మాట రాసి పెట్టుకోండి: 'టక్ వినపడిందా?' తిప్పడం అయ్యాక ముందు పిన్ను ఒక 'టక్', వెనక పిన్ను ఒక 'టక్'. ఒక్కటే వినబడితే పని సగమే అయినట్టు. రెండోది కూడా విన్నాకే బాడీ కింద తల పెట్టండి.